టామ్ బొంబాడిల్ అసలు ఎవరు? ఉంగరం ఆయన్ని ఎందుకు ఏమీ చెయ్యలేకపోయింది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. మేం ముగ్గురు నలుగురం సాయంత్రాలు కూర్చుని టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదటి భాగం చదువుతున్నాం. పుస్తకం ఇంగ్లీషు, వాదన తెలుగు, కోపం ఎక్కువైతే ఒడియా. సినిమాలు అందరం చూసినవాళ్ళమే కాబట్టి కథ తెలుసుకదా అని ధీమాగా మొదలుపెట్టాం, తీరా పాత అడవి అధ్యాయం రాగానే బండి ఆగిపోయింది.

సినిమాలో లేని మనిషి ఒకాయన ఇక్కడ వరసగా మూడు అధ్యాయాల్లో తిష్ఠ వేశాడు. నీలం కోటు, పసుపు బూట్లు, టోపీలో ఈక, నోరు తెరిస్తే పాట. ముసలి విల్లో చెట్టు ఇద్దరు హాబిట్లని (పొట్టి మనుషుల్ని), మెర్రీనీ పిప్పిన్‌నీ, మింగేస్తుంటే వాళ్ళ నేస్తం ఫ్రోడో గుండెలు బాదుకుంటూ పరిగెడతాడు, ఈయనేమో పెద్ద ఆకులో కలువపూలు పెట్టుకుని గెంతుకుంటూ ఎదురొస్తాడు, ఓస్ ఇంతేనా, దాని సంగతి నాకు తెలుసులే అన్నట్టు చెట్టుని పాటతోనే గదమాయించి ఇద్దరినీ కక్కిస్తాడు. సరే, అడవిలో ఉండే మంత్రగాడు అనుకుందాం.

కానీ ఫ్రోడో మోసుకెళ్తున్న ఉంగరం సంగతి మాకు నిద్ర పట్టనివ్వడం లేదు. దుష్టుడు సారాన్ చేసిన ఉంగరం అది, తొడుక్కున్నవాడు మాయమవుతాడు. రాత్రి భోజనాలయ్యాక కబుర్ల మధ్యలో ఏదీ ఆ ఉంగరం ఓసారి చూపించు అంటాడు. ఇచ్చాక కంటి దగ్గర పెట్టుకుని అందులోంచి చూస్తూ నవ్వుతాడు, చిటికెన వేలి కొసకి తొడుక్కుని కొవ్వొత్తి వెలుగులో పెట్టి చూస్తాడు. మాయం కాడు! పైగా ఉంగరాన్నే గాల్లోకి ఎగరేసి దాన్ని మాయం చేసి మళ్ళీ చేతిలో పెడతాడు. ఇది నాదేనా కాదా అని అనుమానం వచ్చిన ఫ్రోడో దాన్ని తొడుక్కుని చల్లగా తలుపు వైపు జారుకుంటే మెర్రీకి కనబడడు గానీ టామ్‌కి మాత్రం శుభ్రంగా కనబడతాడు. గాండాల్ఫ్ అంతటి మాంత్రికుడు నాకొద్దు మహాప్రభో అని తోసిపుచ్చిన వస్తువు కదా ఇది?

మాలో ఒకడు ఆయన సాక్షాత్తూ దేవుడే అంటాడు. ఇంకొకడు కాదు, అడవిని కాచే దేవత లాంటివాడు అంటాడు. మూడోవాడు రచయిత పేజీలు నింపుకున్నాడు, దాటేసి ముందుకి పోదాం అంటాడు. మీరేమంటారు? ఇంకో ముక్క కూడా చెప్పండి, అంత శక్తి ఉన్నవాడికి ఆ ఉంగరం ఇచ్చేస్తే కథ అక్కడే అయిపోయేదిగా?

బరంపురం బాతాఖానీ:

మీ మూడోవాడికి నా ఓటు. కొంచెం చరిత్ర చెప్తా వినండి. బొంబాడిల్ ఈ కథ కోసం పుట్టినవాడు కాడు. టోల్కీన్ పిల్లల దగ్గర డచ్చి బొమ్మ ఒకటి ఉండేది, రెండోవాడు మైకేల్‌ది, దాన్ని పెద్దవాడు ఓసారి మరుగుదొడ్డిలో కుక్కేశాడట కూడా. ఆ బొమ్మకి పెట్టిన పేరే ఇది. తర్వాత 1934లో ఆక్స్‌ఫర్డ్ మ్యాగజీన్‌లో టామ్ మీద ఒక పద్యం వేశాడు. నదిపిల్ల గోల్డ్‌బెర్రీ, మనుషుల్ని మింగే విల్లో, సమాధి దిబ్బల్లోని భూతం, అన్నీ ఆ పద్యంలోనే ఉన్నాయి. అప్పటికి హాబిట్ నవలే అచ్చు కాలేదు, అది 1937. హాబిట్ బాగా ఆడాక ప్రచురణకర్తలు ఇంకోటి రాయమంటే, అదే ఏడాది డిసెంబరులో వాళ్ళకి రాసిన ఉత్తరంలో, కనుమరుగైపోతున్న ఆక్స్‌ఫర్డ్, బెర్క్‌షైర్ పల్లెసీమల ఆత్మ లాంటి ఈ టామ్‌ని హీరోగా పెట్టి కథ రాయొచ్చా అని అడిగాడు. అది కుదరలేదు, తీసుకొచ్చి దీంట్లో పెట్టాడు. దారిలో ఏదో ఒక సాహసం కావాలి, చేతిలో ఈయన ఉన్నాడు, అంతే. ఈ మాట టోల్కీనే ఒప్పుకున్నాడు.

ఇక కథ పరంగా చూస్తే ఇది తప్పు పని అని నా గట్టి అభిప్రాయం. సారాన్ పంపిన నల్ల గుర్రాలవాళ్ళు వెంటపడుతున్నారు, ఉంగరం అంటే పాఠకుడికి వణుకు పుట్టించారు, సరిగ్గా అప్పుడు ఒకాయన వచ్చి దాన్ని గోళీ ఆడినట్టు ఆడేస్తే ఇంకేం టెన్షన్ మిగులుతుంది? 2001 సినిమాలో తీసేసి మంచి పని చేశారు. కావాలంటే రెండో సినిమా పొడుగు వెర్షన్ చూడండి, విల్లో చెట్టుని టామ్ గదమాయించే మాటలు తీసుకెళ్ళి ట్రీబియర్డ్ అనే నడిచే చెట్టుమనిషి నోట్లో పెట్టారు. ఆయన లేకపోయినా ఆయన డైలాగు సరిపోయింది.

టేకుచెట్టు (సిరొంచా):

అన్నా, ఎక్కడి నుంచి వచ్చాడన్నది ఒక ముచ్చట, వచ్చాక ఏమయ్యాడన్నది ఇంకో ముచ్చట. బొమ్మ అయితే ఏంది?

మా ఇంట్లో పెద్దవాళ్ళు ఆలాపల్లి వైపు కలప పనుల్లో ఉన్నారు. చిన్నప్పుడు వాళ్ళ వెంట అడవికి పోతే నేర్చుకున్నది ఏంటంటే, చెట్టు కనబడగానే ఛాతీ ఎత్తున టేపు చుట్టడం, మొండెం ఎంత నిటారుగా ఉంది, ఎక్కడ కొమ్మ చీలింది, లోపల బోలు ఉందా అని తట్టి చూడటం, మనసులోనే ఎంత కలప వస్తదో లెక్క కట్టేయడం. సుత్తి ముద్ర పడిందంటే ఇక అది చెట్టు కాదు, డిపోలో పడబోయే దుంగ. తప్పని అనను, దాని మీదే మా ఇల్లు నడిచింది. కానీ ఆ అలవాటు ఉన్న కళ్ళతో ఈ అధ్యాయాలు చదివితే నాకు ఇంకోలా అనిపించింది.

ఫ్రోడో టామ్ భార్య గోల్డ్‌బెర్రీని అడుగుతాడు చూడండి, అయితే ఈ నేలంతా ఆయన సొంతమా అని. ఆమె అయ్యో కాదు, అలా అయితే మోయలేనంత బరువు కదా అంటుంది. చెట్లు, గడ్డి, ఆ నేల మీద పెరిగేవీ బతికేవీ అన్నీ ఎవరికి వారే సొంతం అంటుంది. కానీ టామ్ అక్కడ ఏలిక. ఎవరూ ఆయన్ని పట్టుకోలేదు, ఆయనకి భయం లేదు. నాకు ఈ మాటలోనే మీ ప్రశ్నకి జవాబు ఉందనిపిస్తది. ఉంగరం పని ఏంటి? ఎదుటివాడి ఇష్టాన్ని నా గుప్పిట్లో పెట్టడం. ఎవరికైనా ఏదో ఒకటి గుప్పిట్లో పెట్టుకోవాలని ఉంటేనే అది వాళ్ళలోకి దూరగలదు. బోరొమిర్ అనే యోధుడికి తన ఊరిని కాపాడాలని ఉంది, ఫ్రోడో తోటమాలి శామ్‌కి పెద్ద తోట వెయ్యాలని ఉంది, అదైనా చాలు దానికి. టామ్‌లో అది పట్టుకుని వేలాడటానికి కొక్కెమే లేదు.

టోల్కీన్ ఓ ఉత్తరంలో ఈ మనిషిని శుద్ధ ప్రకృతి శాస్త్రానికి పోల్చాడు. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం లాంటిది, పశువుల పెంపకమో వ్యవసాయమో కాదు అని. అంటే నాకేం పనికొస్తదని చూడకుండా, అది వేరే ప్రాణి, దాని చరిత్ర దానికుంది అని తెలుసుకోవాలనుకోవడం. కలపవాళ్ళ ఇంట్లో పుట్టిన నాకు ఆ మాట సూటిగా తగిలింది.

వంశధార ఒడ్డు (గుణుపురం):

సిరొంచా తమ్ముడు బాగా చెప్పాడు. నేను తెలుగు పంతులుగా రిటైరైనవాణ్ణి, మా అబ్బాయి కొనిస్తే ఈ పుస్తకం చదివాను, కాబట్టి నాకు తోచిన దారిలో చెప్తాను.

భాగవతం ఐదో స్కంధంలో జడభరతుడు గుర్తొచ్చాడు నాకు. (ఆ స్కంధం పోతన గారిది కాదు, గంగన గారిది, మీలో చాలామంది పోతన అనుకుంటారు, అందుకని చెప్పాను.) రహూగణుడనే రాజు పల్లకీకి బోయీ తక్కువైతే దారిలో బలంగా కనబడ్డాడని ఈయన్ని పట్టుకొచ్చి కొమ్ము కింద పెడతారు. ఈయన కాలికింద ప్రాణులు చచ్చిపోతాయని చూసుకుంటూ అడుగు వేస్తుంటే పల్లకీ ఎగుడుదిగుడుగా ఊగుతుంది. రాజు వెటకారం చేస్తాడు, బెదిరిస్తాడు. జడభరతుడు కోపం తెచ్చుకోడు, భయపడడు, నువ్వు రాజువి నేను బోయీననే తేడా ఎక్కడుంది చెప్పు అంటాడు. రాజు పల్లకీ దిగి కాళ్ళ మీద పడతాడు. అధికారం ఎదురుగా నిలబడి హుంకరించినా అది తన మీద పనిచెయ్యని మనిషి. మన దగ్గర ఇలాంటివాళ్ళని అవధూతలు అంటాం. బొంబాడిల్ కూడా అదే కోవ అని నా ఊహ. పిచ్చిపాటలు, పిచ్చి బట్టలు, ఎవరేమనుకుంటారో అనే చింత లేకపోవడం, అన్నీ సరిపోతాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మాస్టారూ, పోలిక చాలా బాగుంది గానీ ఒకచోట అతకడం లేదు. నిన్ననే సమాధి దిబ్బల అధ్యాయం పూర్తిచేశాం. భూతాన్ని తరిమేశాక టామ్ ఆ నిధినంతా బయటికి తెచ్చి గడ్డిలో పోసి, పక్షులైనా జంతువులైనా మనుషులైనా ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండి అంటాడు. అంతవరకు అవధూతే. కానీ అందులోంచి నీలిరాళ్ళ బ్రోచ్ ఒకటి ఏరుకుంటాడు, అవిసెపూల రంగులు, నీలి సీతాకోకచిలుకల రెక్కల రంగులు అన్నీ అందులో ఉన్నాయట. దాన్ని చాలాసేపు చూస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు తల ఊపి, ఒకప్పుడు దీన్ని భుజాన పెట్టుకున్నావిడ అందగత్తె, ఇక గోల్డ్‌బెర్రీ పెట్టుకుంటుంది, ఆవిడని మేం మరిచిపోం అంటాడు. వైరాగ్యం ఉన్నవాడు పెళ్ళానికి నగ ఏరుతాడా?

వంశధార ఒడ్డు (గుణుపురం):

మంచి చోట పట్టుకున్నావు బాబూ. జడభరతుడు పూర్వజన్మలో లేడిపిల్ల మీద మమకారం పెంచుకుని దెబ్బతిన్నవాడు, ఆ భయంతోనే ఈ జన్మలో ఎవరితోనూ కలవకుండా జడుడిలా తిరిగాడు. టామ్‌కి ఆ దెబ్బ లేదు. ఇల్లు, ఇల్లాలు, మీగడ, తేనె, రొట్టె, పొట్టిగుర్రం, అన్నీ ఉన్నాయి, అన్నీ ఇష్టమే. అయితే ఇష్టపడ్డవాటిని కట్టేసుకోడు. అవధూత అనే మాట వెనక్కి తీసుకోను గానీ సంసారంలో ఉన్న అవధూత అని సర్దుకుంటాను.

నాగావళి నుంచి (రాయగడ):

అందరూ ఆయన్ని తెగ మెచ్చుకుంటున్నారు, నేను మాత్రం కాస్త పుల్ల పెడతా.

మీ దగ్గరవాళ్ళలో ఒకరు అడవిని కాచే దేవత అన్నారు కదా. మాది నియమగిరికి దగ్గర. అక్కడి డొంగ్రియా కొంధులకి నియమరాజు దేవుడు, పూర్వీకుడు, వాళ్ళ బతుకుకి కట్టుబాటు ఇచ్చినవాడు, కొండ ఆయనది. ఆ కొండ మీద బాక్సైటు తవ్వాలని చూస్తే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2013లో కోర్టు ఈ సంగతి గ్రామసభలే తేల్చాలంది, పన్నెండు ఊళ్ళలో సభలు పెడితే పన్నెండూ ఒక్క గొంతుతో వద్దన్నాయి. ఇక్కడ ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, ఉంగరాన్ని ఏం చెయ్యాలో తేల్చే ఎల్రాండ్ సభ అధ్యాయానికి మీరింకా రాలేదు, వచ్చాక మీకే తెలుస్తుంది. అక్కడ ఎల్రాండే బొంబాడిల్‌ని కూడా పిలవాల్సిందేమో అంటాడు. గాండాల్ఫ్ పిలిచినా వచ్చేవాడు కాదంటాడు. పోనీ ఉంగరం ఆయన దగ్గర దాచమందామా అంటే, లోకంలో స్వేచ్ఛగా ఉన్న జనమంతా బతిమాలితే పుచ్చుకుంటాడేమో గానీ దాని అవసరం ఏంటో ఆయన బుర్రకెక్కదు, త్వరలోనే మరిచిపోతాడు, లేదంటే ఎక్కడో పారేస్తాడు, అలాంటివి ఆయన మనసులో నిలవవు అంటాడు. అడిగారుగా ఎందుకివ్వలేదని, ఇదీ జవాబు.

ఆ సభలోనే గాల్డోర్ అనే ఎల్ఫ్ ఇంకో మాటంటాడు. శత్రువుని ఎదిరించే శక్తి ఈ భూమిలోనే ఉంటే తప్ప ఆయనలో లేదు, కానీ సారాన్ కొండల్ని సైతం హింసించి నాశనం చెయ్యగలడని మనం చూస్తూనే ఉన్నాం అని. మా వైపు ఎర్రటి గనుల గోతులు చూసినవాళ్ళకి ఆ వాక్యం కథలా అనిపించదు. అందుకే నా గొడవ. నియమగిరివాళ్ళు సభకి వచ్చారు, జడ్జి ముందు కూర్చుని చెప్పారు. ఈ పెద్దమనిషి సభకి రాడు, ఏం జరుగుతోందో పట్టించుకోడు, అడవిలో పాటలు పాడుకుంటాడు. ఆయన పాటలు పాడుకునే తీరిక కోసం హాబిట్లు వెళ్ళి ఉంగరాన్ని నాశనం చెయ్యడానికి అగ్గికొండ ఎక్కాలి. ఇదెక్కడి న్యాయం? నేలని కాచేవాడు అని మాత్రం అనకండి, కాయడం లేదు ఆయన.

బరంపురం బాతాఖానీ:

అక్కా, చేతులెత్తి దణ్ణం. నేను చెప్పలేనిది మీరు చెప్పేశారు.

పాతపుస్తకాల పిచ్చి (జయపురం):

కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

ముందు దేవుడి సంగతి తేల్చేద్దాం. ఆయనెవరు అని ఫ్రోడో అడిగితే గోల్డ్‌బెర్రీ ఆయన ఉన్నాడు, అంతే అన్నట్టు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటుంది. దాంతో బైబిల్లో నేను ఉన్నవాడను అన్న దేవుడి మాట గుర్తొచ్చి చాలామంది అక్కడే ఆగిపోతారు. 1954లో పీటర్ హేస్టింగ్స్ అనే పాఠకుడు సరిగ్గా ఇదే అడిగాడు. టోల్కీన్ పెద్ద జవాబు రాశాడు, ఇది ఆ మాట కాదు, అది వేరు ఇది వేరు అన్నాడు, టామ్ గురించి తత్వాలు మాట్లాడనక్కర్లేదు, దానివల్ల ఆయనకి ఒరిగేదీ లేదన్నాడు. తమాషా ఏంటంటే ఇదంతా రాసి ఆ ఉత్తరం పంపనేలేదు, తన గురించి తాను మరీ ఎక్కువ అనుకుంటున్నట్టు ఉందని ఆపేశాడు. సృష్టికర్త ఈ కథలో ఎక్కడా శరీరం దాల్చి రాడని ఇంకో ఉత్తరంలో తేల్చి చెప్పాడు. కాబట్టి మీ మొదటి స్నేహితుడు ఓడిపోయాడు. పోనీ వాలార్లలో (ఈ కథాలోకపు దేవతల్లో) ఒకడా, మయార్లలో (వాళ్ళ కింది దేవగణంలో) ఒకడా అంటే ఏ పట్టికలోనూ సరిగ్గా ఇమడడు. నదికంటే చెట్లకంటే ముందు నేనున్నాను, మొదటి వానచుక్క, మొదటి ఓక్ గింజ నాకు గుర్తు, బయటి నుంచి చీకటి ప్రభువు రాకముందే ఇక్కడున్నాను అంటాడు. ఎల్ఫులు ఆయన్ని తండ్రి లేని అతి పెద్దవాడు అని పిలుస్తారు. అక్కడ సరే అనుకునేలోపు రెండో భాగంలో గాండాల్ఫ్ ట్రీబియర్డ్ గురించి చెప్తూ ఈ లోకంలో ఎండ కింద తిరిగే ప్రాణుల్లో అందరికంటే పాతవాడు ఇతడే అంటాడు. పట్టికలు వేసేవాళ్ళకి ఇక్కడ తలనొప్పి ఖాయం. 1954 ఏప్రిల్‌లో నయోమి మిచిసన్‌కి రాసిన ఉత్తరంలో టోల్కీన్, ఎంత పురాణకాలమైనా కొన్ని తేలని చిక్కుముడులు ఉండాలి, టామ్ అలాంటివాడు, కావాలనే అలా ఉంచాను అన్నాడు.

కానీ తేలని మనిషి అంటే అర్థం లేని మనిషి కాదు. అదే ఉత్తరంలో ఇంకా ముందుకెళ్ళి చెప్పాడు. ఈ కథలో మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ ఇద్దరికీ ఎంతో కొంత పెత్తనం కావాలి. ఒకడెవడో పేదరికం వ్రతం పట్టినట్టు పెత్తనమే వద్దనుకుని, వస్తువుల్ని వాటి కోసమే చూస్తూ సంతోషపడితే, అధికారం తాలూకు మంచిచెడ్డల ప్రశ్నే వాడికి అర్థం కాకుండా పోతుంది. రాయగడ అక్కా, మీ కోపానికి జవాబు కూడా అక్కడే ఉంది, మీరు అనుకున్నంత దూరంలో లేడు టోల్కీన్. ఇది యుద్ధం వచ్చినప్పుడు శాంతివాదికి తోచే ఆలోచన అన్నాడు, అలాంటిది ఒకటి లోకంలో ఉండటం మంచిదే గానీ అది తట్టుకోలేనివి కొన్ని ఉన్నాయి, అది బతకడం కూడా వాటి మీదే ఆధారపడి ఉంది అన్నాడు. సారాన్‌ని ఎదిరించే పడమటివాళ్ళు గెలిస్తేనే బొంబాడిల్ మిగులుతాడు. సభలో గ్లార్‌ఫిండెల్ అనే ఇంకో ఎల్ఫ్ చెప్పేదీ అదే, అందరూ పడ్డాక చివర్లో ఈయనా పడతాడు, మొదట వచ్చినవాడు చివర్న పోతాడు, ఆపైన ఇక చీకటే అని. అంటే ఆయన్ని ఆదర్శంగా నిలబెట్టడం లేదు రచయిత. ఉంగరం కొలవలేనిది ఒకటి ఉందని చూపించాడు, దాన్ని గెలిచేది అది కాదని కూడా చూపించాడు. నాకు ఆ రెండోది లేకపోతే మొదటిది చవకబారుగా ఉండేది.

ఇప్పుడు అసలు ముక్క. ఉంగరం సీన్లో అందరం టామ్ వేలినే చూస్తాం. నేను ఫ్రోడో చేతిని చూడమంటాను. టామ్ చూపించు అనగానే ఫ్రోడో గొలుసు తీసి వెంటనే ఇచ్చేస్తాడు, తన చెయ్యి అలా ఇచ్చేసినందుకు తనకే ఆశ్చర్యం. ఇంతకుముందు గాండాల్ఫ్ పొయ్యిలో వేద్దామని అడిగినప్పుడు ఆ ఉంగరం ఎంత బరువెక్కింది, ఇవ్వడానికి ఎంత తటపటాయించాడు, ఓసారి వెనక్కి తిప్పండి. ఫ్రోడోకంటే ముందు ఉంగరం దగ్గరున్న బిల్బో ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు దాన్ని వదల్లేక ఎంత రభస చేశాడు? టామ్ ముందు మాత్రం అది మామూలు వస్తువైపోయింది, ఫ్రోడోకి కూడా. ఆ తర్వాతే, దీన్ని ఇంత తేలిగ్గా తీసుకున్నాడేంటి అని ఫ్రోడోకి చిరాకు పుడుతుంది చూడండి, ఉంగరం మళ్ళీ పట్టు బిగించడం అక్కడ మొదలవుతుంది. ఆ చిరాకుతోనే తొడుక్కుంటాడు. కాబట్టి ఉంగరం టామ్‌ని ఏమీ చెయ్యలేదన్నది సగమే, టామ్ ఎదురుగా ఉన్నంతసేపు అది పక్కవాణ్ణి పట్టుకోవడంలో కూడా సడలింది. బరంపురం అన్న టెన్షన్ పోయిందంటున్నాడు, నాకు అక్కడే భయం పెరిగింది. ఫ్రోడో మీద దాని పట్టు ఎంతుందో మొదటిసారి తెలిసేది ఆ పట్టు జారిన క్షణంలోనే కదా.

ఇంకోటి, గాండాల్ఫ్ సభలో ఆయన ఒక చిన్న నేలలోకి తగ్గిపోయాడని, తన హద్దులు తానే గీసుకున్నాడని, అవి ఎవరికీ కనబడవని, వాటిని దాటి అడుగు పెట్టడని చెప్తాడు. మన హద్దులు 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు వేరెవరో గీశారు, ఒడిశా ఆంధ్రల మధ్య నలుగుతున్న కొటియావాళ్ళకైతే ఇప్పటికీ ఎటువైపో తేలలేదు, అది వేరే కథ. తన హద్దు తాను గీసుకుని అవతలి నేల మీద ఆశ పెట్టుకోని ఏలిక ఈ పుస్తకం మొత్తంలో ఇంకెవరున్నారు చెప్పండి? సారాన్‌కి హద్దే లేదు. అక్క దాన్ని తప్పించుకోవడం అంటారు, నాకు అదే ఆయన బలమూ ఆయన లోటూ కూడా.

నాగావళి నుంచి (రాయగడ):

ఫ్రోడో చెయ్యి సంగతి నిజంగా నేను గమనించలేదు, ఇప్పుడే తీసి చూశాను, ఉంది. లోటు అని మీరే అన్నారు కాబట్టి మిగతాదానికి ఒప్పుకుంటున్నా.

కొత్తగా వచ్చా (ఛత్రపురం):

అందరికీ హాయ్. నేను పుస్తకం చదవలేదు, 2024లో వచ్చిన సిరీస్ రెండో సీజన్‌లో చూశాను ఈయన్ని. అక్కడ ఎడారిలాంటి చోట ఉంటాడు, పేరు తెలియని మాంత్రికుడికి దారి చూపించే గురువులా ఉంటాడు. ఇద్దరూ ఒకరేనా?

టేకుచెట్టు (సిరొంచా):

పేరు ఒకటే తమ్ముడూ. పుస్తకంలో ఆయన ఎవరికీ నీ పని ఇది, వెళ్ళి చెయ్యి అని చెప్పడు. ఆపద వస్తే పిలవమని ఒక పాట నేర్పుతాడు, తిండి పెడతాడు, పొలిమేర దాకా దిగబెడతాడు, అక్కడితో సరి. శిష్యుణ్ణి పెట్టుకుని కర్తవ్యం బోధిస్తే ఆయన ఇంకో గాండాల్ఫ్ అయిపోతాడు, గాండాల్ఫ్ మనకి ఉండనే ఉన్నాడు కదా.

బరంపురం బాతాఖానీ:

అందరూ కలిసి నన్ను ఒంటరివాణ్ణి చేశారు. సరే, ఆయనకో అర్థం ఉందనే అనుకుందాం. కథ నడవడానికి మాత్రం ఒక్క పూస కూడా అటునుంచి ఇటు జరపలేదు, తీసేసినా సినిమా చక్కగా నడిచింది. దీనికి చెప్పండి.

పాతపుస్తకాల పిచ్చి (జయపురం):

దీనికి చాలా తేలిక జవాబు ఉంది అన్నా. సమాధి దిబ్బలోంచి హాబిట్లకి కత్తులు ఏరి ఇచ్చింది ఎవరు? టామే. నల్ల గుర్రాలవాళ్ళ నాయకుడైన ఆంగ్మార్ మంత్రరాజుతో పోరాడిన పాతకాలపు మనుషులు చేసిన కత్తులవి. మూడో భాగంలో పెలెన్నార్ మైదానంలో ఆ మంత్రరాజుని మెర్రీ వెనకనుంచి మోకాలి దగ్గర పొడిచేది ఆ కత్తితోనే. ఇంకే కత్తైనా, పట్టినవాడు ఎంత మొనగాడైనా, అంత చేదు గాయం చేసి ఉండేది కాదని, వాడి ఒంటిని వాడి ఇష్టానికి కట్టిపడేసే మంత్రాన్ని అదే తెంపిందని అక్కడ రాశాడు. కత్తి పొగలు కక్కి కరిగిపోతుంది, దాన్ని చేసినవాడు ఇది తెలిస్తే ఎంత సంతోషించేవాడో అని కూడా ఒక వాక్యం ఉంది. సినిమాలో కత్తులు వెదర్‌టాప్ మీద ఆరగార్న్ ఎక్కడినుంచో తీసిచ్చినట్టు చూపించారు, దాంతో ఆ దారం తెగిపోయింది.

బరంపురం బాతాఖానీ:

పూస కదిలిందన్నమాట. కత్తి వరకు ఒప్పుకున్నా, పాటలు మాత్రం ఇప్పటికీ దాటేస్తా.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

చాలా చాలా థ్యాంక్స్ అందరికీ. ఇదంతా మావాళ్ళకి చదివి వినిపిస్తే దేవుడన్నవాడు ఇంకా ఒప్పుకోవడం లేదు, పంపని ఉత్తరం లెక్కలోకి రాదంటున్నాడు. ఒకటే అడుగుతా, ఈయన మళ్ళీ కనబడతాడా? కనబడితే ఎదురుచూస్తాం, లేదంటే వదిలేస్తాం.

వంశధార ఒడ్డు (గుణుపురం):

కనబడడు బాబూ. చివర్లో అంతా అయిపోయి ఇళ్ళకి తిరిగొచ్చేటప్పుడు గాండాల్ఫ్ హాబిట్లని వదిలి ఆయన్ని చూడటానికి వెళ్తాడు. నేనేమో దొర్లుతూ తిరిగే రాయిని, ఆయనేమో నాచు పట్టిన రాయి, ఇన్నాళ్ళకి తీరిక దొరికింది, ఇక తనివితీరా మాట్లాడుకుంటాం అంటాడు. అక్కడ ఫ్రోడో టామ్ ఎలా ఉన్నాడని అడిగితే గాండాల్ఫ్ చెప్పే జవాబు చూడు. ఎప్పటిలాగే నిక్షేపంగా ఉన్నాడు, మనం చేసినవీ చూసినవీ ఆయనకి పెద్దగా పట్టవు, బహుశా ఎంట్లని (ట్రీబియర్డ్ లాంటి చెట్టుమనుషుల్ని) కలిసిన సంగతి తప్ప అంటాడు.

నాగావళి నుంచి (రాయగడ):

చూశారా మాస్టారూ! యుద్ధం అయిపోయింది, రాజు పట్టాభిషేకం అయింది, ఇంత కథా నడిచాక ఆయనకి చెట్ల కబుర్లు మాత్రం కావాలట. నా ఫిర్యాదు అదే, గాండాల్ఫ్ నాకు సాక్ష్యం.

టేకుచెట్టు (సిరొంచా):

అక్కా, నాకైతే ఆయన నచ్చింది దానికే.